జేన్ మాట విన్నదెవరు?

"చిన్నప్పుడు అన్ని కష్టాలు పడింది కాబట్టే పెద్దయ్యాక అంత గట్టి మనిషైంది." షార్లెట్ బ్రాంటీ నవల 'జేన్ ఐర్' గురించి మాట వచ్చినప్పుడు తరచుగా వినిపించే ముక్క ఇది. కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయని మనకో నమ్మకం ఉంది కదా, దానికి ఈ కథ చక్కగా అతికినట్టు కనిపిస్తుంది. నవల ముందు పెట్టుకుని చదివితే మాత్రం ఆ లెక్క తేలదు. జేన్ తిన్న మాడు జావే తిని, ఆమె వణికిన చలిలోనే వణికి, అదే బడిలో ఎంతోమంది ఆడపిల్లలు చచ్చిపోయారు. వాళ్లనెవరినీ కష్టాలు రాటుదేల్చలేదు. అదీగాక జేన్ అయినా పెద్దయ్యాక ఒంటరితనం నుంచి పూర్తిగా బయటపడిందా అంటే గట్టిగా చెప్పలేం. ప్రేమగా ఒక్క మాట అంటే కరిగిపోతుంది. ఖరీదైన పట్టుబట్ట కొనిస్తానంటే బిగుసుకుపోతుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయన్నదే అసలు చిక్కు.

నాకు తోచిన జవాబు ఇది. ఆ పిల్ల పెరిగిన ఇంట్లో మనుషులకు కొదవ లేదు. తను చెప్పేది వినే మనిషే లేడు. ఆ ఒక్క కొరతే ఆమెకు జీవితాంతం కొలబద్ద అయింది. ఎవరి దగ్గర నిలుస్తుందో, ఎవరిని వదిలి పోతుందో, ఆ కొలబద్దతోనే తేల్చుకుంటుంది.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1847 అక్టోబరులో లండన్‌లో ఈ నవల అచ్చయినప్పుడు దాని మీద ఉన్న పేరు కరర్ బెల్. ఆ మారుపేరు వెనక ఉన్నది యార్క్‌షైర్‌లో హావర్త్ అనే చిన్న ఊరి పాస్టరు గారి అమ్మాయి. కథ మొదలయ్యేసరికి జేన్‌కు 10 ఏళ్లు. ఆమె తండ్రి కూడా బీద పాస్టరే. ఆయన్ని పెళ్లి చేసుకున్నందుకు తల్లికి పుట్టింటి నుంచి చిల్లిగవ్వ దక్కలేదు. టైఫస్ జ్వరంతో నెల తిరక్కుండా ఇద్దరూ పోతే, మేనమామ రీడ్ ఆ పసిగుడ్డును గేట్స్‌హెడ్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. కొన్నాళ్లకు ఆయనా పోయాడు. పోయే ముందు, ఈ పిల్లను సొంత బిడ్డలా పెంచుతానని భార్య చేత మాట తీసుకున్నాడు. అత్త ఆ మాటను తనకు చేతనైన పద్ధతిలో నిలబెట్టుకుంది. తిండి పెట్టింది, బట్ట ఇచ్చింది, దగ్గరికి మాత్రం రానివ్వలేదు.

మొదటి పేజీలోనే ఈ సంగతి తెలిసిపోతుంది. చలికాలం సాయంత్రం. ముగ్గురు పిల్లలూ పొయ్యి దగ్గర తల్లి చుట్టూ చేరారు. జేన్‌ను మాత్రం ఆమె దూరంగా ఉండమంది. ఇంకాస్త చలాకీగా, నలుగురితో కలిసిపోయే పిల్లలా మారితే అప్పుడు దగ్గరికి రావచ్చునట. సొంత పిల్లలకు పుట్టుకతో దక్కినదాన్ని ఈ పిల్ల మంచి మార్కులతో సంపాదించుకోవాలన్నమాట. జేన్ పక్క గదిలోకి వెళ్లి, కిటికీ గట్టు మీద ఎక్కి కూర్చుని, ఎర్ర తెర లాక్కుని, పక్షుల గురించిన బొమ్మల పుస్తకం తెరుస్తుంది. చదివేది ఎక్కడి సంగతులు? గ్రీన్‌లాండ్, స్పిట్స్‌బెర్గెన్, మనిషి జాడ లేని మంచు నేలలు. ఒంటరి పిల్లకు ఒంటరి చోట్లే నచ్చాయి. ఒక పక్క తెర, ఇంకో పక్క గాజు, మధ్యలో తను. ఆ కాసేపూ ఆమె సంతోషంగానే ఉంది. తనంతట తను ఒక్కతే ఉండటం ఆమెకు ఎప్పుడూ బాధ కాదు. పదిమందిలో ఉండి లేనట్టు బతకడమే బాధ.

ఆ సంతోషాన్ని చెడగొట్టడానికి జాన్ రీడ్ వస్తాడు. అత్త కొడుకు, 14 ఏళ్లవాడు. ఈ పుస్తకాలు మావి, నీకు డబ్బు లేదు, మీ నాన్న నీకేమీ మిగల్చలేదు, అడుక్కుతినాల్సినదానివి అంటూ అదే పుస్తకం ఆమె మీదికి విసురుతాడు. కిందపడి తలుపుకు కొట్టుకుని తల చిట్లుతుంది. ఆమె తిరగబడుతుంది. అత్త వస్తుంది. ఏం జరిగిందని అడగదు. పనివాళ్ల చేత జేన్‌ను ఎర్ర గదిలో పెట్టించి తాళం వేయిస్తుంది. మేనమామ చనిపోయిన గది అది.

ఎర్ర గది గురించి చాలామంది చాలా రాశారు. నా దృష్టి మరుసటి రోజు మీద ఉంటుంది. భయంతో స్పృహ తప్పిన పిల్లను చూడటానికి లాయిడ్ అనే మందులాయన వస్తాడు. తనకూ తన పిల్లలకూ ఒంట్లో బాగోకపోతే మిసెస్ రీడ్ పెద్ద వైద్యుడిని పిలిపిస్తుంది. పనివాళ్లకు జబ్బు చేస్తే ఈ లాయిడ్ వస్తాడు. జేన్‌కు వచ్చింది ఎవరో చూశారు కదా! ఆ ఇంట్లో ఆమె స్థానం ఏమిటో బ్రాంటీ అక్కడ చెప్పేసింది. లాయిడ్ అడుగుతుంటే పక్కనున్న ఆయా బెస్సీ, పిల్ల కిందపడిందని చెబుతుంది. కాసేపటికే పనివాళ్ల భోజనాల గంట మోగుతుంది. ఆ ఇంట్లో భోజనానికి ఆలస్యంగా వెళ్లడానికి వీల్లేదు కాబట్టి బెస్సీ వెళ్లిపోక తప్పదు. గదిలో పిల్లా, బయటి మనిషీ ఇద్దరే మిగిలారు. ఆయన అడిగాడు, ఆమె చెప్పింది.

గంట మోగకపోతే ఈ నవల లేదు. ఆ నాలుగు ప్రశ్నల వల్లే జేన్‌ను బడికి పంపాలన్న ఆలోచన పుట్టింది. ఆ సంభాషణలో బ్రాంటీ నిజాయితీ నాకు చాలా ఇష్టం. బీదవాళ్లయినా నీ తండ్రి తరఫు బంధువులు ఉంటే వెళ్తావా అని లాయిడ్ అడిగితే, వెళ్లనంటుంది జేన్. బీదవాళ్లంటే ఆమెకు తెలిసిందల్లా చిరుగుల బట్టలు, మొరటు మాటలు. కష్టపడిన పిల్ల కాబట్టి కష్టజీవుల మీద ప్రేమ పొంగిపొర్లుతుందని చూపించే రచయితలు ఎందరో ఉన్నారు. బ్రాంటీ ఆ పని చేయలేదు. అవమానం పడ్డ ఇంటి అహంకారమే ఆ పిల్లకూ కాస్త అంటుకుంది.

వినే మనిషి లేని పిల్ల ప్రేమను ఎక్కడ పెట్టుకుంటుంది? జేన్ దగ్గర ఒక పాత బొమ్మ ఉంది. రంగు వెలిసి, దిష్టిబొమ్మలా తయారైన బొమ్మ. రాత్రి దాన్ని తన నైట్‌గౌనులో చుట్టి పక్కన పడుకోబెట్టుకోకపోతే నిద్ర పట్టదు. అది వెచ్చగా ఉంటే దానికి సంతోషంగా ఉంటుందనుకుని, తనకూ కాస్త సంతోషం కలిగేదట. మనిషన్నాక దేన్నో ఒకదాన్ని ప్రేమించాలి, అంతకన్నా తగినది దొరక్క దాన్ని ప్రేమించానని పెద్దయిన జేన్ చెబుతుంది. ఇందులో ఏడుపు లేదు, లెక్క ఉంది. తనకు ఎవరూ ఇవ్వనిది తను ఇంకొకరికి ఇచ్చి చూసుకుంటోంది.

ఇక ఆ పేరుపడ్డ తిరుగుబాటు. బడి నడిపే బ్రాకిల్‌హర్స్ట్ ముందు అత్త తనను అబద్ధాలకోరని ముద్ర వేసింది. ఆయన వెళ్లగానే జేన్ కట్టలు తెంచుకుంటుంది. నేను అబద్ధమాడేదాన్నయితే నువ్వంటే ఇష్టమని చెప్పేదాన్ని, నువ్వంటే నాకు అసహ్యం, ఇక ఎప్పుడూ నిన్ను అత్తా అని పిలవను అంటుంది. ఇక్కడ చప్పట్లు కొట్టే పాఠకులు ఎక్కువ. తరవాతి పేరా కూడా చదవాలి. గెలిచానన్న పొంగు అరగంటలో దిగిపోతుంది. మొదట మద్యంలా కమ్మగా తగిలిన పగ, తరవాత నోట్లో లోహపు రుచిగా మారి, విషం తాగినట్టు అనిపిస్తుంది. వెళ్లి క్షమాపణ అడుగుదామా అని కూడా అనుకుంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ వినని మాట ఒక్కసారిగా అరుపై బయటికి వచ్చింది. అరిచినంత మాత్రాన విన్నట్టు కాదని ఆ పిల్లకు ఆ సాయంత్రమే అర్థమైంది.

అత్తకు మాత్రం ఆ అరుపు చచ్చేదాకా చెవుల్లో మోగింది. ఏళ్ల తరవాత చావు మంచం మీద ఆమె చెప్పే మాట ఒళ్లు గగుర్పొడిచేలా ఉంటుంది. తను కొట్టిన జంతువేదో మనిషి కళ్లతో తలెత్తి చూసి, మగ గొంతుతో శపించినట్టు అనిపించిందట. ఇంట్లో పెరిగిన పదేళ్ల పిల్ల మాట్లాడటం ఆమెకు జంతువు మాట్లాడినంత వింత. ఆ భయంతోనే ఆమె ఇంకో పని చేసింది. మదీరా దీవిలో ఉన్న జేన్ బాబాయి జాన్ ఐర్, అన్న కూతురిని దత్తత తీసుకుంటానని ఉత్తరం రాస్తే, ఆ పిల్ల బడిలో టైఫస్‌తో చచ్చిపోయిందని జవాబు రాసి, మూడేళ్లు ఆ ఉత్తరం దాచిపెట్టింది.

ఈ పిల్లకు కృతజ్ఞత లేదని ఆనాడే తిట్టినవాళ్లున్నారు. 1848 డిసెంబరులో 'క్వార్టర్లీ రివ్యూ' పత్రికలో ఎలిజబెత్ రిగ్బీ రాసిన సమీక్ష పేరుమోసింది. దేవుడు ఆమెను దిక్కులేనిదాన్ని చేశాడు, అయినా తిండి పెట్టి బట్ట ఇచ్చినందుకు ఆమె ఎవరికీ కృతజ్ఞతలు చెప్పదు, దేవుడికి అసలే చెప్పదు అని ఆవిడ ఫిర్యాదు. "తిండి పెట్టి పెంచాం" అన్న మాట ఏ భాషలోనైనా ఒకటే. దాంతో నోరు మూయించవచ్చు. రిగ్బీకి నచ్చనిది నిజానికి ఆ పిల్ల పడ్డ బాధ కాదు, ఆ బాధను తన నోటితో తనే చెప్పడం.

లోవుడ్ బడికి వచ్చాక కథ మారుతుంది. సుఖం పెరిగి మారిందనుకుంటే పొరపాటే. అక్కడ మాడిన జావ పెడతారు, తెల్లారేసరికి కూజాల్లో నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. వసంతంలో టైఫస్ వచ్చి ఒకేసారి 80 మందిలో 45 మంది మంచాన పడతారు. గేట్స్‌హెడ్‌తో పోలిస్తే ఒంటికి కష్టం ఎక్కువే. అయినా ఏడాది తిరక్కుండానే, ఇక్కడి లేమిని ఇచ్చేసి గేట్స్‌హెడ్ సౌఖ్యాలు తెచ్చుకోమంటే ఒప్పుకోనంటుంది జేన్. కారణం ఇద్దరు మనుషులు.

బ్రాకిల్‌హర్స్ట్ ఒకరోజు బడికి వచ్చి, జేన్‌ను ఎత్తు స్టూలు మీద నిలబెట్టి, ఇది అబద్ధాలకోరు, దీనితో ఎవరూ మాట్లాడకండి అని అందరి ముందూ చెబుతాడు. అంతకుముందు ఇంట్లో పడ్డ ముద్ర ఇప్పుడు ఊరంతా తెలిసింది. హెలెన్ బర్న్స్ అనే పెద్ద పిల్ల ఏదో సందేహం అడిగే నెపంతో ఆ స్టూలు పక్క నుంచి నడిచి వెళ్తూ జేన్ వంక చూసి నవ్వుతుంది. అంతే. ఆ నవ్వుతో జేన్ మిగిలిన సమయమంతా నిలబడగలిగింది.

ఆ సాయంత్రం సూపరింటెండెంట్ మిస్ టెంపుల్ ఇద్దరినీ తన గదికి తీసుకెళ్తుంది. నేరం మోపినప్పుడు నేరస్థుడికి కూడా తన మాట చెప్పుకునే అవకాశం ఇస్తారు కదా, నువ్వూ చెప్పు అంటుంది. జేన్‌కు ఇది కొత్త. ఇక్కడ ఆమె చేసిన పని మీద మనం కాస్త ఆగాలి. నోటికొచ్చినట్టు చెప్పెయ్యదు. కాసేపు ఆలోచించుకుని, ఏది ముందు ఏది వెనక అని వరస పెట్టుకుంటుంది. కోపం తలకెక్కితే నష్టమని హెలెన్ చెప్పింది గుర్తుచేసుకుని, చేదు తగ్గించి చెబుతుంది. అలా చెబుతున్నకొద్దీ తన కథ నమ్మేలా వినిపిస్తోందని, ఎదుటి మనిషి నమ్ముతోందని ఆమెకే తెలుస్తుంది. లాయిడ్ పేరు కూడా చెబుతుంది, సాక్షి కావాలి కదా. మిస్ టెంపుల్ ఆయనకు ఉత్తరం రాసి, జవాబు వచ్చాక బడి మొత్తాన్ని సమావేశపరిచి, జేన్ మీద పడ్డ నింద అబద్ధమని చెబుతుంది. అన్నట్టు ఆ రాత్రి టీతో పాటు ఇంకాస్త రొట్టె కావాలని కబురు పెడితే వంటింటి పెత్తనందారు ఇవ్వలేదు. అప్పుడు మిస్ టెంపుల్ తన సొరుగులోంచి కేకు తీసి కోసి పెడుతుంది. ఆకలి మీదున్న పిల్లలకు అది అమృతమే.

అత్త మీద అరిచిన పిల్లకూ, టెంపుల్‌కు చెప్పిన పిల్లకూ మధ్య కొద్ది వారాలే తేడా. రెండు చోట్లా చెప్పింది అదే కథ. మొదటిసారి ఆమె పగ తీర్చుకోవడానికి చెప్పింది, రెండోసారి నమ్మించడానికి. నవల రాస్తున్న పెద్ద జేన్ పుట్టింది ఈ రెండో గదిలోనే అని నా అభిప్రాయం. పుస్తకం పొడవునా ఆమె మధ్యమధ్యలో మనల్ని "పాఠకుడా" అని పిలుస్తూ ఉంటుంది. అది ఆ కాలపు రచయితలు చాలామందికి ఉన్న అలవాటే. జేన్ నోట మాత్రం అది వింటున్నారా లేదా అని తల తిప్పి చూసుకోవడంలా ఉంటుంది.

ఇక్కడితో గాయం మానిపోయిందా? లేదు. ఆ సంఘటనకు కాస్త ముందు, స్టూలు దిగి నేల మీద పడి ఏడుస్తూ హెలెన్‌తో ఏమంటుందో చూడండి. నువ్వో, మిస్ టెంపులో, నేను నిజంగా ప్రేమించే ఇంకెవరో నన్ను ప్రేమిస్తారంటే నా చేయి ఎముక విరగ్గొట్టుకుంటాను, ఎద్దు చేత కుమ్మించుకుంటాను, తన్నే గుర్రం వెనక నిలబడి గుండె మీద తన్నించుకుంటాను. పదేళ్ల పిల్ల మాటలవి. నువ్వు మనుషుల ప్రేమ గురించి మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావని హెలెన్ మెల్లగా మందలిస్తుంది. హెలెన్ చెప్పిన దారి దేవుడి మీద భారం వేసి ఓర్చుకోవడం. ఆ దారిలో నడిచిన హెలెన్ క్షయతో, జేన్ చేతుల్లోనే, రాత్రి నిద్రలో పోతుంది. హెలెన్‌ను జేన్ ఎంత ప్రేమించినా ఆమె దారిని మాత్రం పట్టలేదు.

ఈ భాగం బ్రాంటీ ఊహించి రాసింది కాదు. ఆమె తల్లి 1821లో పోయింది, అప్పటికి షార్లెట్‌కు 5 ఏళ్లు. 1824లో కోవన్ బ్రిడ్జి అనే చోట, పాస్టర్ల కూతుళ్ల కోసం పెట్టిన బడిలో తండ్రి నలుగురు పిల్లల్ని చేర్చాడు. మరుసటి ఏడాది పెద్దక్కలు మరియా, ఎలిజబెత్ ఇద్దరూ క్షయ ముదిరి ఇంటికొచ్చి, ఆరు వారాల లోపే చనిపోయారు. ఒకరికి 11, ఇంకొకరికి 10. హెలెన్ మా అక్క మరియానే అని షార్లెట్ తరవాత చెప్పుకుంది. అక్క మాట ఆ బడిలో ఎవరూ వినలేదు. ఇరవై ఏళ్లు దాటాక ఇంగ్లండు మొత్తం వినేలా చెల్లెలు చెప్పింది.

మాట వినే మనిషి ఒక్కరుంటే సరిపోతుందా అని అనుమానం రావచ్చు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు వంటి ఇబ్బందులెన్నో ఉన్న పిల్లల్లో కూడా మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ల జీవితాల్లో తరచూ కనిపించిన అంశాల్లో ఒకటి, తల్లిదండ్రులు కాకపోయినా సరే, తమను పట్టించుకునే పెద్దవాళ్లు కనీసం ఒకరు ఉండటం. నవలలోని మనిషికి మానసిక రోగ నిర్ధారణ చేసే అలవాటు నాకు నచ్చదు, జేన్ ఆస్పత్రికి వచ్చిన పేషెంటు కాదు. కానీ బెస్సీ చెప్పే కథలు, లాయిడ్ ప్రశ్న, హెలెన్ నవ్వు, టెంపుల్ కేకు, వీటిని బ్రాంటీ అంత జాగ్రత్తగా పేర్చిందంటే ఈ సంగతి ఆమెకు ఏ పరిశోధనా లేకుండానే తెలుసు.

అవి లేకపోతే ఏమవుతుందో అదే ఇంట్లో చెల్లెలు ఎమిలీ రాసింది. 1847 డిసెంబరులో వచ్చిన 'వుదరింగ్ హైట్స్'లో హీత్‌క్లిఫ్ కూడా దిక్కులేని పిల్లాడే, లివర్‌పూల్ వీధుల్లోంచి తెచ్చినవాడే. తెచ్చిన పెద్దాయన పోయాక కొడుకు అతన్ని పనివాడి కింద దించేస్తాడు. అతని మాట వినేది ఆ ఇంటి అమ్మాయి కేథరిన్ ఒక్కతే. ఆమె ఒకరోజు, ఇతన్ని చేసుకుంటే నా స్థాయి దిగిపోతుంది అనడం చాటు నుంచి విని, మిగతా మాట వినకుండానే వెళ్లిపోతాడు. తిరిగొచ్చాక తనకు జరిగిందే తన శత్రువు కొడుకు హేర్టన్‌కు చేస్తాడు, చదువు రానివ్వకుండా మొరటుగా పెంచుతాడు. అరుపు దాటి చెప్పడం దాకా రాలేని ఒంటరితనం అలా తయారవుతుంది.

18 ఏళ్లకు జేన్ థార్న్‌ఫీల్డ్‌లో పంతులమ్మగా చేరుతుంది, ఏడాదికి 30 పౌన్ల జీతం. ఇంటి యజమాని రోచెస్టర్ అందగాడు కాదు, మంచివాడని కూడా చెప్పలేం. జేన్ అతని వైపు ఎందుకు మొగ్గింది? డబ్బుకని, దర్పానికని అనుకునేవాళ్లుంటారు. మొదటి సాయంత్రాలు చదవండి. అతను ఆమె గీసిన బొమ్మలు చూస్తాడు, ఇవి గీసేటప్పుడు సంతోషంగా ఉన్నావా అని అడుగుతాడు. జవాబు ముక్కుసూటిగా చెప్పినా కోపం తెచ్చుకోడు, ఇంకా అడుగుతాడు. ఎర్ర గది అద్దంలో తన మొహం తనకే దెయ్యంపిల్లలా కనిపించి భయపడ్డ జేన్‌ను ఇతను మాయలమారి పిల్ల, నా గుర్రానికి మంత్రం వేశావు అని ముద్దుగా ఆటపట్టిస్తాడు. ఆమె పడిపోయింది అక్కడ. ఎంతగా అంటే, దేవుణ్ణి కూడా కనపడనివ్వకుండా అతను అడ్డు నిలిచాడని ఆమే ఒప్పుకుంటుంది. హెలెన్ ఏ జబ్బు గురించి హెచ్చరించిందో అది తిరగబెట్టింది.

పెళ్లి కుదిరాక అతను ఆమెను బట్టల కొట్టుకు తీసుకెళ్తాడు. రంగురంగుల పట్టు గౌన్లు కొనిస్తానంటాడు. అతను కొనేకొద్దీ ఆమె మొహం చిన్నబోతుంది. బతిమాలి, నల్లదీ బూడిదరంగుదీ రెండే తీసుకునేలా ఒప్పిస్తుంది. ఇంత ప్రేమించే పిల్లకు ఈ టెన్షన్ ఎందుకు? గేట్స్‌హెడ్‌లో ఇచ్చిన ప్రతి ముద్దకూ లెక్క చెప్పారు కాబట్టి. ఇంకొకరి సొమ్ము తింటే నోరెత్తే హక్కు పోతుందని ఆమె చిన్నప్పుడే నేర్చుకుంది. ఆ రోజే నిశ్చయించుకుని మదీరాలోని బాబాయికి ఉత్తరం రాస్తుంది, తనకంటూ కాస్త ఆస్తి ఉంటే బావుంటుందని. ఆ ఉత్తరమే కొంప ముంచుతుంది, కాపాడుతుంది కూడా. అది అందినప్పుడు రోచెస్టర్ మొదటి భార్య బెర్తా అన్న మేసన్ అనుకోకుండా ఆ బాబాయి దగ్గరే ఉంటాడు. అలా పెళ్లి చర్చిలో పీటల మీద ఆగిపోతుంది. మేడమీద తాళం వేసిన గదిలో బెర్తా బతికే ఉంది. చిన్ననాటి గాయం పెద్దయ్యాక చేసిన మేలు అంటే ఇదే నాకు కనిపిస్తుంది. ధైర్యం కన్నా ఇది అనుమానానికి దగ్గర.

రోచెస్టర్ వెళ్లొద్దని బతిమాలుతూ ఒక మాట అంటాడు: నీకు బంధువులు లేరు, తెలిసినవాళ్లు లేరు, నాతో ఉంటే ఎవరు నొచ్చుకుంటారని భయం? ఆమె లోపలి మనసు కూడా అతని పక్షం చేరి, నీ గురించి లోకంలో ఎవరికి పట్టింది, నువ్వేం చేస్తే ఎవరికి నష్టం అంటుంది. ఒంటరి మనిషిని లొంగదీయడానికి అంతకన్నా పదునైన మాట లేదు. ఆమె జవాబు అందరికీ తెలిసిందే. నాకు పట్టింది, నేను ఎంత ఒంటరినైతే, ఎంత దిక్కులేనిదాన్నయితే, అంతగా నన్ను నేను గౌరవించుకుంటాను అంటుంది. తనను వినే మనిషి దొరికాడనుకుంది, అతనే ఆమె ఒంటరితనాన్ని ఆమె మీద వాడాడు. ఆ రాత్రి కలలో ఆమె మళ్లీ ఎర్ర గదిలో ఉంటుంది. ఈసారి చంద్రుడిలోంచి తల్లిలాంటి రూపం ఒకటి కనిపించి వెళ్లిపొమ్మంటుంది. తెల్లారకముందే జేన్ ఇల్లు వదులుతుంది. దగ్గరున్న 20 షిల్లింగులూ బండి ఛార్జీకే పోతాయి, బట్టల మూట బండిలోనే మరిచిపోతుంది. పందికి పోయబోతున్న గడ్డకట్టిన జావ అడుక్కుని తింటుంది.

ఆదుకున్న రివర్స్ కుటుంబం తరవాత చూస్తే సొంత మేనత్త పిల్లలే. పోయిన బాబాయి ఆస్తి 20,000 పౌన్లు జేన్ పేర వస్తే ఆమెకు డబ్బు కన్నా అక్కలు, అన్న దొరికారన్నదే పండగ. నలుగురికీ తలా 5,000 పంచేస్తుంది. ఇదేం పిచ్చి అని ఆ అన్న, సెయింట్ జాన్ రివర్స్, ఆశ్చర్యపోతే, నాకు ఎప్పుడూ ఇల్లు లేదు, తోబుట్టువులు లేరు, నీకు అర్థం కాదంటుంది. (మన వరసల్లో చూస్తే తల పగలగొట్టిన జాన్ రీడూ బావే, ఈ సెయింట్ జానూ బావే. నవలలో బావలెవరూ అచ్చిరాలేదు.) సెయింట్ జాన్ మత ప్రచారానికి ఇండియా వెళ్లబోతున్నాడు. జేన్ చేత జర్మన్ మాన్పించి హిందుస్తానీ నేర్పిస్తాడు. చివరికి పెళ్లి చేసుకుని తోడు రమ్మంటాడు, ప్రేమ కోసం కాదు పని కోసమే దేవుడు నిన్ను పుట్టించాడంటాడు. చెల్లెలిగా వస్తాను, భార్యగా రానంటుంది జేన్. ఆ మాట అతని చెవికి ఎక్కదు, మళ్లీ మళ్లీ అదే అడుగుతాడు. అతను చెడ్డవాడు కాదు, తన లోపలి పిలుపు తప్ప ఇంకేమీ వినపడని మనిషి. ఆమె దాదాపు ఒప్పుకోబోతుండగా రోచెస్టర్ గొంతు మూడుసార్లు "జేన్" అని పిలిచినట్టు వినిపించడాన్ని మాయ అని తీసిపారేసేవాళ్లున్నారు. మాయే. కానీ ఈ నవలలో మనుషులు పిలిచే, పలికే తీరు మొదటి నుంచీ చూస్తూ వస్తే, ఆ మాయ ఉండాల్సిన చోటే ఉంది. ఆ పిలుపు విని ఆమె వెనక్కి వెళ్తుంది. ఈలోగా బెర్తా పెట్టిన నిప్పుకు థార్న్‌ఫీల్డ్ కాలిపోయింది, బెర్తా చనిపోయింది, రోచెస్టర్‌కు చూపు పోయింది. జేన్ అతన్ని పెళ్లి చేసుకుంటుంది.

మరి జేన్ ఎంతమందిని విన్నది? బెర్తా విషయంలో, ఆమెను అంత ద్వేషంగా మాట్లాడటం క్రూరం, పిచ్చి ఆమె తప్పు కాదు కదా అని రోచెస్టర్‌ను ఒక్కసారి మందలిస్తుంది. అక్కడితో సరి. గదిలో పెట్టి తాళం వేస్తే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆ గది గురించి మరో ప్రశ్న అడగలేదు. ఆ ప్రశ్న అడగడానికి 1966 దాకా ఆగాల్సి వచ్చింది. కరీబియన్‌లోని డొమినికాలో పుట్టిన జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' నవలలో ఆ భార్యకు ఒక బాల్యం ఇచ్చింది. అందులో ఆమె పేరు ఆంటోనెట్. జమైకాలో ఇల్లు తగలబడుతున్న రాత్రి, తనకున్న ఒక్క నేస్తం టియా దగ్గరికి పరిగెత్తితే ఆ నేస్తమే రాయి విసురుతుంది. ఆ పిల్లకు లాయిడ్ లేడు, టెంపుల్ లేదు.

ఇంకొకరు కూడా ఉన్నారు, ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అడెల్, రోచెస్టర్ పెంచుతున్న ఫ్రెంచి పిల్ల, తల్లి వదిలేసిపోయిన పిల్ల, జేన్ పాఠాలు చెప్పిన పిల్ల. చివరి అధ్యాయంలో పెళ్లయ్యాక జేన్ ఆమెను చూడటానికి బడికి వెళ్తుంది. పిల్ల చిక్కిపోయి, పాలిపోయి, ఇక్కడ బాగోలేదని చెప్పుకుంటుంది. జేన్ వింటుంది, నియమాలు మరీ కఠినంగా ఉన్నాయని ఇంటికి తీసుకొస్తుంది. మళ్లీ తనే చదువు చెబుదామనుకుంటుంది, కానీ కుదరదు. చూపు పోయిన భర్తకు తన సమయమంతా కావాలి. అందుకని ఇంటికి దగ్గర్లో, కాస్త దయగల బడి వెతికి చేరుస్తుంది. తరచూ వెళ్లి చూస్తుంది, అప్పుడప్పుడు ఇంటికి తెస్తుంది. మంచి ఇంగ్లీషు చదువు వల్ల ఆమె ఫ్రెంచి లోపాలు చాలావరకు పోయాయని సంతోషంగా రాస్తుంది. ఆ బడిలో అడెల్ త్వరలోనే కుదురుకుని చాలా సంతోషంగా ఉందనీ జేన్ రాసింది. ఆ మాట అడెల్ నోట మాత్రం మనకు వినిపించదు.